గాజుపెట్టెలో గాడిద

పాఠకులు పోయిన వారం ఈ కుటుంబాన్ని గడియారాల మ్యూజియం మెట్ల మీద విడిచి వెళ్ళారు. విడిచిన చోటనే వారిని ఉండనివ్వడం ఆ మ్యూజియం వారికి సమ్మతం కాలేదు. ఆగిపోయిన గోడగడియారానికి సందర్శకుడు కీ ఇవ్వవచ్చునా, కూడదా అన్న ధర్మసందేహం మీద అక్కగారికీ తమ్ముడుగారికీ చెలరేగిన వాగ్యుద్ధం తక్కిన సందర్శకులకు గడియారాలకంటె రమ్యంగా తోచింది. అందరూ ప్రదర్శన వస్తువులకు వీపు తిప్పి వీరి చుట్టూ మూగడంతో, కాపలాదారు ఎంతో మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నాడు, వీరు బయటకు వెళ్ళడానికి.

ఇంతకూ ఈ ఒక్కరోజు మ్యూజియాల యాత్రకు మూలకారణం అమ్మగారి చేతిసంచిలోని తాళంచెవి. కీర్తిశేషులైన డ్రాయింగు మాస్టారు, అనగా అమ్మగారి భర్త, బడిలో గడిపినది పోను మిగిలిన జీవితమంతా కొయ్యను జంతువులుగా మార్చడంలో గడిపారు. ఆ జంతుజాలమంతా ఇప్పుడు ఆయన పనిగదిలో, తాళం వెనుక, చీకట్లో ఉంది. వెలుగు చూసినవి రెండే, రెండూ గాడిదలే. ఒకటి అక్కగారు నడిపే చిత్రశాలలో, గాజుపెట్టెలో నిలబడి ఉంది. రెండోది తమ్ముడుగారు నడిపే పిల్లల మ్యూజియంలో, నేల మీద దొర్లుతూ ఉంది. తక్కిన జంతువులు గాజు వెనక్కు చేరకపోతే నాన్నగారి కళ నశిస్తుందని అక్కగారి సిద్ధాంతం. పిల్లల చేతుల్లోకి రాకపోతే అది నశించినట్టేనని తమ్ముడుగారి సిద్ధాంతం. ఈ సిద్ధాంతాలు భోజనాల దగ్గరా, ఫోన్లలోనూ, ఒకసారి ఆసుపత్రి వరండాలోనూ విని విసిగిన అమ్మగారు ఒక న్యాయవిధానం ప్రకటించారు. అందరూ ఒకే వ్యానులో బయలుదేరి రెండు మ్యూజియాలూ చూడాలి. ఎక్కడ తన భర్త ఇంకా బతికి ఉన్నట్టు ఆమెకు అనిపిస్తే, సాయంత్రానికి తాళంచెవి అక్కడి వారి చేతిలో పడుతుంది. గడియారాల మ్యూజియాన్ని ఆమె మధ్యస్థ భూభాగంగా చేర్చారు. మధ్యస్థ భూభాగాల గతి చరిత్రలో తరచు అలాగే ఉంటుంది.

వ్యానులో సేనల మోహరింపు ఈ విధంగా ఉంది. సారథ్యం బావగారిది, అంటే అక్కగారి భర్తది. డ్రైవరు వద్దు, నేనే నడుపుతానని ఆయన పట్టుబట్టారు. స్టీరింగు పట్టుకున్న మనిషి ఏ వాదంలోనూ పక్షం వహించనక్కరలేదని దాంపత్యానుభవం ఆయనకు నేర్పింది. ఆయన పక్కన అమ్మగారు, ఒళ్ళో చేతిసంచి. మధ్య సీటులో అక్కగారు, తాను రచించిన చిత్రశాల కరదీపిక కట్టతో సహా. చివరి సీటులో తమ్ముడుగారూ, ఆయన భార్యా. ఆమె పళ్ళ డాక్టరు. మ్యూజియంలో అడుగుపెట్టిన క్షణం నుంచి బయటపడే క్షణం వరకూ పెదవి విప్పకపోవడం ఆమె నియమం. కిందటేడు ఒక సభలో అక్కగారు ఆమెను ముఖ్య అతిథికి పరిచయం చేస్తూ, మా మరదలండీ, జనం నోళ్ళు కడుగుతూ ఉంటుంది అని చెప్పారు. ఆనాటి నుంచి పళ్ళ డాక్టరు తన మాటలను పొదుపు చేసుకుంటూ వస్తున్నది. పొదుపు చేసినవారు ఏదో ఒక రోజు ఖర్చు పెడతారని అక్కగారికి తట్టలేదు.

వ్యాను కదిలాక మొదట నోరు విప్పింది అమ్మగారే.

"బాబూ, పెళ్ళినాడు నేను మీ చేతికిచ్చిన పొట్లం భద్రంగా ఉందా?" అని ఆమె అల్లుడిని అడిగారు.

బావగారు ఆ మండుటెండలో వైపర్లు వేశారు. పొడి అద్దం మీద అవి కీచుమంటూ ఇటూ అటూ తిరిగాయి. వాటిని ఆపడం ఎలాగో వెతుక్కోవడంలో ఆయన నిమగ్నమై ఉండగా ప్రశ్న కాలగర్భంలో కలిసింది. వెనుక సీటులో తమ్ముడుగారు, బావగారికి బండి కంటె ముందు బండి పుస్తకం కొనిపెట్టాల్సింది అన్నారు. అక్కగారు తన భర్తను సమర్థించలేదు గాని, పిల్లల బొమ్మలకు చక్రాలు బిగించడమే పాండిత్యమనుకునేవాళ్ళు బండ్ల గురించి మాట్లాడటం సహజమేనని కిటికీతో చెప్పారు.

చిత్రశాల వచ్చింది.

అది ఒకప్పుడు తపాలా కార్యాలయం. స్టాంపుల కిటికీ ఉన్న చోట ఇప్పుడు చెప్పుల అర ఉంది. గదులు నాలుగు. గోడలు పాల తెలుపు. ప్రతి గోడకూ ఒక నిషేధాజ్ఞ: ముట్టరాదు, ఆనుకొనరాదు, పరుగెత్తరాదు, బిగ్గరగా మాట్లాడరాదు. ఇన్ని రాదుల మధ్య ఏమి చేయవచ్చునో తెలియక, సెలవు రోజున కుటుంబంతో వచ్చిన ఒక సందర్శకుడు చంటిపిల్లను భుజాన వేసుకుని గది నడిమధ్య శిలాప్రతిమలా నిలబడి ఉన్నాడు. పిల్ల తుమ్మింది. ఆయన అందరికీ క్షమాపణ చెప్పుకుని బయటకు వెళ్ళిపోయాడు.

తమ్ముడుగారు ఈ దృశ్యాన్ని తల్లికి చూపించి, నాన్న బతికుంటే ఆ పిల్లని గాడిద మీద కూర్చోబెట్టేవాడమ్మా అన్నారు. అక్కగారు, నాన్న బతికుంటే ముందు నీ దగ్గరి గాడిదకు చక్రాలు కొట్టినవాడి చెవి మెలిపెట్టేవారు అన్నారు. బిగ్గరగా మాట్లాడరాదన్న పలక కింద నిలబడి వీరు ఇవన్నీ గుసగుసగానే అనుకున్నారు. గుసగుసలో తిట్టుకోవడంలోని కర్కశత్వం గొంతెత్తి తిట్టుకోవడంలో లేదని ఆ గదిలో ఉన్నవారెవరైనా సాక్ష్యం చెప్పగలరు.

నాలుగో గదిలో, ఎర్రటి తాడు ఆవరణలో, పైనుంచి పడే ఒకే ఒక దీపకాంతిలో, గాజుపెట్టె మధ్యన, పిల్లి కంటె కొంచెం పెద్దదైన ఒక కొయ్యగాడిద తల వంచి నిలబడి ఉంది. దాని పాదాల దగ్గర తేమ పీల్చే పొట్లాలు గడ్డిమోపుల్లా అమర్చి ఉన్నాయి. ఈ గాడిద తమ కుటుంబంలో ఎవరికంటెనూ సుఖంగా బతుకుతున్నదని తమ్ముడుగారు అంటూ ఉంటారు. అందులో అసత్యమేమీ లేదు.

అక్కగారు కరదీపిక తెరిచి, తల్లి చెవిలో పడేటట్టు, తమ్ముడి గుండెలో దిగేటట్టు చదివారు. మాస్టారు గాడిదను రెండుసార్లు చెక్కారనీ, తొలిదానిని పిల్లల ఆటకు వదిలి, వారి చేతులు ఏ వంపు మీద ఆగుతున్నాయో, దేనిని తప్పించుకుంటున్నాయో గమనించి, ఆ పాఠంతో రెండోదానిని పరిపూర్ణం చేశారనీ, ఆ పరిపూర్ణ శిల్పమే ఇదనీ, ఇక తొలి ముతక ప్రయత్నం మరొక చోట ఉన్నదనీ అందులో ఉంది. ఆ మరొక చోటు పేరు కరదీపికలో లేదు. ఆ తరువాత తోక ప్రస్తావన వచ్చింది. తోక కొసన, రెండు వైపులా, వంపుగా, కొన్ని చిన్న గుంటలున్నాయి. వాటి గురించి అక్కగారి రచన ఇలా సాగింది: "ఈ లఘుఖాతములు శిల్పి బుద్ధిపూర్వకముగా ఉలితో మలచినవి. భారవాహక జంతువు యొక్క అణగారిన ఆక్రందనకు ఇవి దారుమయ ప్రతీకలు."

పళ్ళ డాక్టరు తాడు దాకా వచ్చి వంగింది. జోళ్ళు నుదుటి మీదకు నెట్టుకుంది. వృత్తి రీత్యా ఆమెకు చీకటి గుంటల్లోకి ఏ మొహమాటమూ లేకుండా చూడటం అలవాటు. గాజుకు ముక్కు ఆనిస్తున్నావు అని అక్కగారు హెచ్చరించారు. ఆమె వినిపించుకోలేదు. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. ఆమె ముఖంలో తొలిసారిగా ఒక మ్యూజియం మీద ఆసక్తి ఉదయించింది.

"ఇవి ఉలి గుర్తులు కావు వదినగారూ, పాలపళ్ళు," అంది పళ్ళ డాక్టరు.

దీపం దగ్గర ఒక ఈగ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ గదిలోకి ఈగ ప్రవేశించడమూ నిషిద్ధమే.

అక్కగారు తేరుకుని చిరునవ్వు తెచ్చుకున్నారు. కళ గురించి మాట్లాడటానికి కొంత చదువు కావాలనీ, ప్రతి గుంటలోనూ పన్ను కనిపించడం వృత్తి దోషమనీ, సుత్తి పట్టినవాడికి అన్నీ మేకుల్లా కనిపించినట్టే ఇదీననీ ఆమె సెలవిచ్చారు. పళ్ళ డాక్టరు కోపగించుకోలేదు. రోగికి ఎక్స్-రే చూపించి వివరించే ఆ చల్లని గొంతుతో, ఉలి ఒక వైపు నుంచే పడుతుందనీ, ఇవి పైనుంచీ కిందినుంచీ ఎదురెదురుగా దిగాయనీ, పైవరసకూ కిందివరసకూ మధ్య ఉన్న పొందిక ఏ ఉలికీ రాదనీ, వరస వెడల్పును బట్టి ఈ నోటికి మూడేళ్ళు కూడా నిండి ఉండవనీ చెప్పింది. ఆ తరువాత, ఇంతకాలం పొదుపు చేసిన మొత్తాన్ని ఒక్కసారిగా ఖర్చు పెట్టింది.

"పైవరసలో ముందు పన్ను ఒకటి లేదు. ఆ వయసులో పన్ను దానంతటది ఊడదు. ఎవరో రాలగొట్టాలి."

తమ్ముడుగారి చేయి అప్రయత్నంగా తన పైపెదవి మీదకు వెళ్ళింది. ఆ కుటుంబంలో, మెట్ల మీద నుంచి ఎవరు ఎవరిని తోశారో, ఎవరి పన్ను గడప మీద దొరికిందో, ఆ రోజు ఎవరికి అన్నం పెట్టకుండా గదిలో కూర్చోబెట్టారో తెలియనివారు లేరు. కథ ప్రతి శుభకార్యంలోనూ ఒకసారి చెప్పుకుంటూనే ఉన్నారు. దానికి సాక్ష్యం మాత్రం ఇంతకాలం గాజుపెట్టెలో, దీపం కింద, ఎర్రతాడు రక్షణలో, నేరం చేసిన వ్యక్తి స్వహస్తాలతోనే ప్రదర్శితమై ఉంది.

అందరూ అక్కగారి వైపు చూశారు. బావగారు మాత్రం కిటికీ బయట వ్యాను వైపు చూశారు.

"అయితే అక్కా," అన్నారు తమ్ముడుగారు మెల్లగా, "నా ఎంగిలికి ఇన్నాళ్ళూ నువ్వు కాపలా కాస్తున్నావన్నమాట."

"నోరు ముయ్యరా."

"అణగారిన ఆక్రందన. ఆ ఆక్రందన నాదే. తోసింది నువ్వు."

ఆ తరువాత తమ్ముడుగారి విజయోత్సవం మొదలైంది. ఆట కోసం ఇచ్చిన తొలి గాడిద ఇదైతే, పరిపూర్ణ శిల్పం తన మ్యూజియంలో ఉన్నదే కావాలి కదా. అంతవరకూ కళాసిద్ధాంతాల జోలికి పోని ఆయన అక్కడికక్కడే ఒక సిద్ధాంతాన్ని ప్రసవించారు. నునుపు అనేది అపరిపక్వతకు గుర్తనీ, తన దగ్గరి గాడిదలో కనిపించే మొరటుదనం నాన్నగారి చరమదశ లోని నిర్భయత్వమనీ, ఆ మూతి, ఆ మోకాళ్ళు, ఆ మొండి చెవులు చెక్కిన చేయి ఇక ఎవరి మెప్పునూ కోరని చేయి అనీ ఆయన వర్ణిస్తూ పోయారు. అక్కగారు చేతిలోని కరదీపికను రెండుగా మడిచారు, నాలుగుగా మడిచారు. అమ్మగారు చేతిసంచి జిప్పు మీద వేలు ఆనించి నిలబడ్డారు. తాళంచెవి ఆ క్షణాన ఎటు మొగ్గిందో అక్కాతమ్ముళ్ళిద్దరికీ తెలుసు.

అక్కగారు అప్పుడు ప్రశాంతంగా ఒక ప్రశ్న వేశారు.

"ఆ చరమదశ శిల్పానికి నువ్వు చక్రాలు ఎలా బిగించావురా? జిగురుతోనా, స్క్రూలతోనా?"

తమ్ముడుగారి సిద్ధాంతం గాలిలో ఆగిపోయింది.

"స్క్రూలే అయి ఉంటాయి," అన్నారు అక్కగారు. "నాలుగు కాళ్ళల్లోకీ. దాని మీద నీలిరంగు కూడా వేశావు కదూ? పిల్లలకు హాని చేయని నీలిరంగు అని పేపర్లో చెప్పావు. నాన్న నిర్భయత్వానికి రెండు పూతలు."

తమ్ముడుగారి ముఖంలో ఆ నీలిరంగు కొంత ప్రతిఫలించింది. ఆయన వెనుదిరిగి, పరుగెత్తరాదన్న పలక పక్క నుంచి పరుగెత్తారు. అక్కగారు గాడిద పెట్టె మీది దీపం కూడా ఆర్పకుండా వెంటపడ్డారు. పళ్ళ డాక్టరు అత్తగారి చేయి పట్టుకుంది. బావగారు అందరికంటె నిదానంగా, వధ్యశిలకు నడిచేవాడిలా వ్యాను వైపు నడిచారు.

రెండో మ్యూజియానికి దారి పొడుగునా ఒకరి అపరాధాన్ని మరొకరు లెక్కించుకున్నారు. చక్రాల గాడిదను ఇప్పటి వరకూ ఎందరు లాగి ఉంటారో అక్కగారు ఊహించి చెప్పారు. తోక గుంటల మీద రాసిన వాక్యాన్ని ఎందరు పరిశోధకులు ఉటంకించారో తమ్ముడుగారు అడిగారు. నువ్వు చేసినది హత్య అన్నారు ఒకరు. నువ్వు చేసినది నా ఎంగిలికి ఆరాధన, అది అంతకంటె నవ్వులాట అన్నారు ఇంకొకరు. అమ్మగారు మధ్యలో ఒకసారి, ఇందులో ఇంత గొడవేముందిరా అని మొదలుపెట్టబోయారు గాని ఆమె మాటకు చోటు దొరకలేదు. బావగారు ఒక్క మలుపులోనూ హారన్ కొట్టలేదు.

పిల్లల మ్యూజియం ఒకప్పుడు మంచుగడ్డల కర్మాగారం. ఎత్తయిన రేకు కప్పు కింద ప్రతిధ్వని ధారాళంగా లభిస్తుంది. గుమ్మంలోనే పిల్లల నడుం ఎత్తున చేతులు కడుక్కునే తొట్టి, దాని మీద నిమ్మవాసన సబ్బు, దానిపైన గోడంత అక్షరాలతో ఆ సంస్థ మహావాక్యం: అన్నీ ముట్టుకోండి. అక్కగారు ఈ గడప దాటడం ఇదే మొదటిసారి. తాను చచ్చినా ఆ తొట్టిలో చేయి పెట్టనని ఆమె ఒకప్పుడు అన్నారు గాని, ఇప్పుడు ఆ ప్రతిజ్ఞను పాటించే తీరిక కూడా ఆమెకు లేదు. ఆమె కంటె ముందు తమ్ముడుగారు లోపలికి దూసుకుపోయారు.

బావగారు వ్యాను దిగలేదు. నేనిక్కడే ఉంటాను, బండి ఎండలో ఉంది అన్నారు. ఎండలో ఉన్న బండికి తోడెందుకో ఎవరూ అడగలేదు. వ్యాను మెట్టు ఎత్తుగా ఉండటం వల్ల పళ్ళ డాక్టరు అత్తగారి రెండు చేతులూ పట్టుకుని దించింది. పొద్దుటినుంచీ అమ్మగారి రెండు చేతులూ ఖాళీగా కనిపించడం అదే మొదలు.

లోపల ఒక చిన్నపిల్ల నీలిగాడిదను తాడు కట్టి లాగుకుంటూ నురుగు చాప మీద ఊరేగుతున్నది. చక్రాలు చాప అంచున తట్టుకున్నప్పుడల్లా గాడిద తల ఊపుతున్నట్టు కదిలింది. తమ్ముడుగారు మోకాళ్ళ మీద జారుతూ వెళ్ళి దానిని రెండు చేతులా ఎత్తి రొమ్ముకు హత్తుకున్నారు.

"దీన్ని ముట్టుకోకూడదమ్మా," అన్నారు ఆయన ఆ పిల్లతో.

పిల్ల ఏడుపు లంకించుకుంది. రేకు కప్పు ఆ ఏడుపును నాలుగింతలు చేసి తిరిగి ఇచ్చింది. పిల్ల తల్లి లేచి వచ్చి గోడ మీది మహావాక్యాన్ని వేలితో చూపించింది. దానికి సమాధానం అక్కగారి దగ్గర ఉంది.

"చూశావామ్మా? వీడికి కూడా చివరికి గాజుపెట్టే కావాలి," అన్నారు అక్కగారు తల్లితో.

"నీదీ నాదీ ఒకటి కాదక్కా."

"కాదు మరి. నేను దానిలో మేకులు దిగగొట్టలేదు. ఇలా తే."

వారిద్దరూ గాడిదను చెరొక పక్క పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఒకరి చేతిలో మూతి, మరొకరి చేతిలో తోక. చుట్టూ పిల్లలు చేరారు. పంచుకోవడం నేర్చుకోండి అని పక్క బల్ల మీద రాసి ఉన్న బొమ్మల ఆటను వాళ్ళు వదిలిపెట్టి దీనిని చూశారు. చివరికి లాగుడులో అనుభవం ఎక్కువ ఉన్నందున అక్కగారే నెగ్గారు. గాడిదను కిటికీ వెలుతురులోకి తెచ్చి, తన కళ్ళజోడు సవరించుకుని, తల నుంచి మొదలుపెట్టి పరీక్ష చేశారు. ఎడమ చెవి దగ్గర ఆమె ఆగారు.

"చెవి కూడా కొరికించావురా."

అందుకు తమ్ముడుగారు, పిల్లల మ్యూజియంలో పిల్లలు కొరుకుతారు, ఆ గుర్తులు తనకు గర్వకారణం అన్నారు. గర్వం గొంతులో అంతగా పలకలేదు. అక్కగారు వినడం లేదు. ఆమె గోటితో ఆ గుంటల అంచును తడుముతున్నారు. ఆమెలో ఎన్ని లోపాలున్నా, ఆమె చేతికి వచ్చిన వస్తువును ఆమె కళ్ళు ఎప్పుడూ నిజాయితీగానే చూశాయి. తోక దగ్గర మాత్రం అవి మోసపోయాయి. అక్కడ చూసింది కళ్ళు కాదు, కరదీపిక.

"రంగు గుంటల్లో పేరుకుంది. గుంటలు ముందు పడ్డాయి, తరవాత రంగు వేశావు," అన్నారు ఆమె. ఆ వాక్యం చెబుతూ చెబుతూ ఉండగానే దాని అర్థం ఆమెను చేరినట్టుంది. గొంతు తగ్గింది. "నీ మ్యూజియం పిల్లలు కొరికింది కాదు ఇది."

పళ్ళ డాక్టరు వంగి చూసి, ఇది వేరే నోరనీ, ఇక్కడ ముందుపళ్ళన్నీ ఉన్నాయనీ, ఎడంఎడంగా ఉన్నాయనీ, గట్టిగా కొరికిన నోరనీ చెప్పింది. ఆ తరువాత అక్కాతమ్ముళ్ళిద్దరూ, తమ వాదం మొదలైన ఇన్నాళ్ళలో మొదటిసారి, ఒకేసారి తల్లి వైపు తిరిగారు.

అమ్మగారు పిల్లల కోసం చేసిన పొట్టి కుర్చీలో, మోకాళ్ళు పైకి లేచి, రాణిలా కూర్చుని ఉన్నారు.

"నీ పళ్ళే," అన్నారు ఆమె కూతురితో. "నీకు పళ్ళు వచ్చేటప్పుడు ఆ చెవి నోట్లో పెట్టుకుంటే గాని నిద్రపోయేదానివి కాదు. వీడి వంతు వచ్చేసరికి మీ నాన్న ఇంకోటి చేశారు. వీడు తోక పట్టాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?" అన్నారు తమ్ముడుగారు.

"ఎవరడిగారు? నువ్వు అక్క పళ్ళున్నదాన్ని తీసుకెళ్ళావు. అది నీ పళ్ళున్నదాన్ని గాజుపెట్టెలో పెట్టి దీపం వెలిగించింది. ఒకళ్ళ గుర్తు ఒకళ్ళు దాచుకున్నారు, పైకి కొట్టుకుంటున్నారు గాని లోపల ప్రేమ ఉంది అనుకున్నాను." ఆమె మోకాళ్ళ మీది చీర సవరించుకున్నారు. "నా పిచ్చి."

ఆ పెద్ద శాలలో ఎక్కడో ఒక పిల్లవాడు గంట మోగిస్తూనే ఉన్నాడు. తమ్ముడుగారు గాడిద వైపు గాని, అక్కగారి వైపు గాని చూడలేకపోయారు. అక్కగారు ఆ మొండి చెవి మీద నుంచి వేలు తీయలేదు. ఇటువంటి ఘట్టంలో సాధారణంగా కన్నీళ్ళూ, ఆలింగనాలూ ఆశించబడతాయి. ఈ కుటుంబం ఆ ఆశకు లొంగలేదు. అక్కగారు, నా పళ్ళ మీద నువ్వు రంగు పూశావు అన్నారు. నా పన్ను ఊడగొట్టి దాన్ని కళ అన్నావు అన్నారు తమ్ముడుగారు. శాంతి చేజారిపోయిన చప్పుడు అది.

మొదట తేరుకున్నది పళ్ళ డాక్టరు. ఆమె ప్రశ్న చాలా మామూలుగా వచ్చింది.

"అత్తయ్యా, రెండూ ఆటకిచ్చినవే అయితే, మామయ్యగారు చివరగా పూర్తి చేసింది ఏది?"

కరదీపికలో లేనిదీ, నీలిరంగు పూయనిదీ, ఎవరి సిద్ధాంతానికీ అందనిదీ ఒకటి ఉందన్న సంగతి అక్కాతమ్ముళ్ళిద్దరి ముఖాల్లోనూ ఒకే వేగంతో తెల్లవారింది. అది ఎవరి చేతికి దక్కితే తాళంచెవీ, చీకటిగదిలోని జంతువులన్నీ వాటంతట అవే ఆ ఇంటి వైపు నడుస్తాయి.

"మూడోది," అన్నారు అమ్మగారు. "దాన్ని చెక్కడానికి ఆయనకు మీ ఇద్దరి చిన్నతనమూ పట్టింది. చెవి దీని నుంచి నేర్చుకున్నారు, తోక వాడి నుంచి. అది చేశాక ఇంక గాడిద జోలికి పోలేదు. దానికి ఎవరి పన్నూ తగల్లేదు. నీ పెళ్ళినాడు గుడ్డలో చుట్టి అల్లుడి చేతికిచ్చాను. ఇంటికెళ్ళాక అమ్మాయికివ్వండి బాబూ, వాళ్ళ నాన్న ఇచ్చారని చెప్పండి అన్నాను. పొద్దున అడిగితే ఆయన బండి అద్దం తుడుచుకుంటూ కూర్చున్నారు."

అక్కగారు చేతిలోని నీలిగాడిదను బల్ల మీద పెట్టేశారు.

"ఆయన నాకు ఏ గాడిదనీ ఇవ్వలేదమ్మా."

మరొక రోజైతే ఇటువంటి వాక్యాన్ని తమ్ముడుగారు వదిలిపెట్టేవారు కారు. బావగారి మీద జీవితకాలంలో ఒకేసారి దొరికే హాస్యం అది. ఆయన దానిని నేలపాలు కానిచ్చారు. ఎందుకంటే ఆయన అప్పటికే కిటికీ దగ్గర ఉన్నారు.

అక్కగారూ, పళ్ళ డాక్టరూ ఆయన పక్కకు చేరారు. గేటు పక్కన, వ్యాను నిలిపిన చోట, నూనె మరక ఒకటి ఎండలో మెరుస్తూ ఉంది. వీధి రెండు కొసలా ఖాళీగా ఉంది. దుమ్ము ఇంకా పూర్తిగా నేల మీద వాలలేదు.

కుర్చీలోనే ఉన్న అమ్మగారి చేయి అలవాటుగా తన పక్కకు వెళ్ళింది. పొట్టి కుర్చీని తడిమింది, ఒళ్ళో వెతికింది, మళ్ళీ పక్కకు వెళ్ళింది. చేతిసంచి వ్యాను ముందు సీటులో ఉండిపోయింది.